రెండు వేళ్ళు

4, సోమవారం

రోజుకో మాట పట్టుకోమన్నారు మా మాస్టారు. చేపను పట్టినట్టు కాదు, వేలు పట్టుకున్నట్టు పట్టుకోవాలట. ఆ వాక్యం విన్నప్పటి నుంచి నాకు మాటల పిచ్చి పట్టింది. అందుకే ఈ డైరీ.

ఈరోజు మాట: బిగపట్టడం. ఊపిరి బిగపడతాం, ఏడుపు బిగపడతాం. మా ఉడత ఒంటేలు బిగపడుతోంది.

ఉడత అంటే అక్క కూతురు. నాలుగు నిండి ఐదు నడుస్తోంది. ఏది తినిపించినా బుగ్గన దాచుకుంటుందని బావ పెట్టిన పేరు. ఇప్పుడు బుగ్గలోనే కాదు, కడుపులో కూడా దాస్తోంది. ఇంట్లో బాగానే వెళ్తుంది. ఇల్లు దాటితే వెళ్ళదు. బడికి పోయిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా అంతే. వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళే తాగదు. దానివల్ల జ్వరం రావడం ఇది రెండోసారి.

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. మూడోసారి వస్తే ఆసుపత్రిలో చేర్చి, మూత్రపిండాలకు ఏమైనా అయిందేమో చూడాలంది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తూ అక్క అంది, "ఇంకొక్కసారి జ్వరం వచ్చిందంటే నేను ఉద్యోగం మానేస్తా. రోజంతా దాని వెంటే ఉంటా."

అక్క ల్యాబులో రక్తం తీస్తుంది. ఎవరికీ దొరకని నరం అక్కకు దొరుకుతుంది. పిల్ల బడిలో చేరాకే ఈ ఉద్యోగంలో చేరింది. మొదటిరోజు తెల్లకోటు వేసుకుని అద్దం ముందు ఎంతసేపు నిలబడిందో నేను చూశాను. నన్ను చూసి, గుండీ సరిచేసుకుంటున్నట్టు నటించింది.

ఉడత భయానికి కారణం అందరికీ తెలిసిందే. సెలవుల్లో షాపింగ్ కాంప్లెక్సుకు వెళ్ళినప్పుడు, అది కూర్చుని ఉండగానే ఆ ఫ్లష్ దానంతటదే భళ్ళున పోయింది. పిల్ల ఎగిరి అక్క మెడ పట్టుకుంది. ఆ తర్వాత బయట ఎక్కడా వెళ్ళలేదు.

దాని భయం నేను పోగొడతానన్నాను.

"ఎలా? మాటలతోనా?" అంది అక్క.

మాటలతోనే.

5, మంగళవారం

లైబ్రరీలో పిల్లల భయాల మీద ఒక పుస్తకం దొరికింది. కూర్చుని చాలా రాసుకున్నాను. మా క్లాసు ముందు బల్ల అమ్మాయి ఎప్పటిలాగే కిటికీ పక్కన ఉంది. క్లాసులో గానీ ఇక్కడ గానీ ఒకసారి కూర్చుంటే ఇక లేవదు. బల్ల మీద నీళ్ళ సీసా కూడా ఉండదు. ఏకాగ్రత అంటే అదీ. ఆమెతో ఒక్కసారైనా మాట్లాడాలనుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియదు.

నేనూ కాలేజీకి వెళ్ళేరోజు కాఫీ తర్వాత ఏమీ తాగను. నాది క్రమశిక్షణ. దీనికీ ఉడత సంగతికీ సంబంధం లేదు.

పడుకునేముందు ఉడత ఒంటి పిట్ట కథ అడిగింది. ఇది నా సొంత కథ. సెలవుల నుంచి చెబుతున్నాను. కథకంటే ముందు మాట నేర్పుతాను: ఒంటి అంటే ఒక్కటే, తోడు లేనిది, జంట అంటే రెండు. తర్వాత కథ. ఒంటి పిట్ట ఎగిరి ఎగిరి, చీకటి పడేవేళకు ఒక చెట్టు తొర్ర ముందు వాలుతుంది. లోపల ఏముందో తెలియదు. ఒంటిగా లోపలికి వెళ్తుంది. అక్కడితో ఆపుతాను. ముగింపు ఇంకా తట్టలేదు. "తర్వాత?" అంటుంది. "రేపు" అంటాను. రేపు మళ్ళీ మొదటి నుంచి. మంచి ముగింపు దొరకాలంటే తొందరపడకూడదు.

7, గురువారం

ఫ్లష్ శబ్దం ఫోనులో రికార్డు చేశాను. మొదట చిన్నగా వినిపించాను, తర్వాత కొంచెం పెద్దగా. దానికొక పేరు పెట్టమన్నాను. "గుర్రు తాత" అంది. ఇప్పుడు గుర్రు తాతను తానే లేపుతోంది, తానే కసురుతోంది.

ఆ ఫ్లష్‌కి గోడలో ఒక కన్నుంటుందని, మనం కదిలితే లేచామనుకుని నీళ్ళు వదిలేస్తుందని చెప్పాను. జిగురు కాగితం అతికిస్తే దానికేమీ కనిపించదు.

"గంతలు కడదాం" అంది ఉడత.

ఆ మాట నేను అనలేదు. అదే అంది. ఎంత బాగుందో.

9, శనివారం

గెలిచాం.

పొద్దున్నే కాంప్లెక్సుకు వెళ్ళాం. జనం లేరనుకుంటే, ఆడవాళ్ళ వైపు వరుసగా నిలబడి ఉన్నారు. ఉడత జేబులో పసుపుపచ్చ జిగురు కాగితాలు. మా వంతు వచ్చింది. గోడలో ఉన్న ఆ నల్లటి కన్నును చూడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఎత్తుకున్నాను. గంతలు కట్టింది, ఒకటి కాదు, జేబులో ఉన్నవన్నీ. కన్ను కాదు, గోడే కనపడకుండా పోయింది. తర్వాత కూర్చుంది. నేను ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని దాని రెండు చేతులూ పట్టుకున్నాను.

బయట ఎవరో పెద్దావిడ తలుపు తట్టింది. "తొందరగా కానివ్వండమ్మా, లోపల పెళ్ళి చేస్తున్నారా ఏంటి?"

ఉడత కిలకిలా నవ్వింది. ఆ నవ్వులోనే వచ్చేసింది. తర్వాత దిగి, చెవులు మూసుకుని, నన్ను ఎత్తుకోమని, పక్కనున్న ఫ్లష్ మీటను కాలి బొటనవేలితో నొక్కింది. గుర్రు తాత గర్జించాడు. "పడుకో తాతా" అంది.

బయటికొచ్చాక ఆ పెద్దావిడకు దారిచ్చి, "అయిపోయింది పెళ్ళి" అని చెప్పింది.

సాయంత్రం అక్కకు మొత్తం చెప్పాను. అక్క సోమవారం వేసుకునే కోటును రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

11, సోమవారం

బడి నుంచి నీళ్ళ సీసా నిండుగా తిరిగొచ్చింది. పొద్దున ఎంత పోశానో అంతే ఉంది.

12, మంగళవారం

ఈరోజు నేనే బడికి వెళ్ళాను. పిల్లల్ని చూసుకునే ఆయమ్మ నన్ను చూడగానే మొదలుపెట్టింది. అందరు పిల్లలూ ఒక వేలు చూపిస్తే ఒంటికి తీసుకెళ్తుందట, రెండు వేళ్ళు చూపిస్తే రెంటికి. మా ఉడత రోజూ రెండు వేళ్ళే చూపిస్తుందట. పాపం, ఆయమ్మ బకెట్టు నింపుకుని, మగ్గు పట్టుకుని తీసుకెళ్తే, గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోతుందట.

"లోపలికి పొమ్మంటే నా కొంగు వదలదమ్మా. రెంటికీ పోదు, ఒంటికీ పోదు. ఇక్కడ క్లాసు నిండా పిల్లలు. నేను దీని వెంటే కూర్చుంటే మిగతావాళ్ళని ఎవరు చూస్తారు?"

కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

లోపలికి వెళ్ళి చూశాను. శుభ్రంగానే ఉంది. ఒక్కొక్కరు పట్టేంత చిన్న గదులు, కుళాయి, మగ్గు. ఎత్తున చిన్న కిటికీ. ఫ్లష్షే లేదు. గంతలు కట్టడానికి కన్నూ లేదు. మరి దేనికి భయం?

దారిలో ఉడతను అడిగాను. చెప్పుల వైపు చూసుకుంటూ, "ఒంటికి నేను వెళ్ళను పిన్నీ" అంది.

ఇంట్లో మేం సూసు అంటాం. ఇది బడి మాట. ఎంత త్వరగా పట్టుకుందో. ఈరోజు మాటగా ఇదే రాసుకుంటున్నాను: ఒంటికి. కి, షష్ఠీ విభక్తి. ఒంటి వేలు చూపించి అడుగుతారు కాబట్టి ఒంటేలు అయింది. ఎంత అందమైన లెక్క.

రెండు వేళ్ళ సంగతి అక్కకు చెప్పాను. అక్క డాక్టరమ్మకు ఫోన్ చేసింది. పిల్లకు మలబద్ధకం ఉన్నట్టుంది, అందుకే కూర్చోడానికి భయపడుతోంది అందట. సిరప్ రాసింది. అదన్నమాట కారణం. ఇప్పుడు అంతా అర్థమైంది.

14, గురువారం

మందు పనిచేసింది. ఇంటిల్లిపాదికీ తెలిసేలా పనిచేసింది.

సీసా మాత్రం నిండుగానే వచ్చింది.

15, శుక్రవారం

సాయంత్రం ఉడత ఒళ్ళు వెచ్చగా ఉంది. అక్క కోటు కూడా విప్పకుండా దాని పక్కన కూర్చుంది. కొద్ది కొద్దిగా నీళ్ళు పట్టించింది. భోజనాల వేళకు చల్లబడింది. ఎండలో ఆడినందుకే కావచ్చు. అయినా అక్క నా గదిలోకి వచ్చి నిలబడింది.

"నీకు మాటలు బాగా వచ్చు కదా. రాజీనామా ఎలా రాస్తారో రాసి పెట్టు. ఎందుకైనా మంచిది."

మర్యాదగా, క్లుప్తంగా రాయమంది. కాగితం తీశాను. "గౌరవనీయులైన" దగ్గర ఆగిపోయాను. ఇంత చిన్న కాగితానికి నాకు మాటలు దొరకవా? దొరకలేదు. ఆదివారం రాస్తానని చెప్పాను.

16, శనివారం

నీళ్ళు తాగవే అని బతిమాలుతుంటే ఉడత అంది, "నువ్వు బయటికెళ్ళేప్పుడు తాగవుగా. నేనూ అంతే."

నేను పెద్దదాన్నని చెప్పాను. పెద్దయ్యాక తాగక్కర్లేదా అని అడిగింది. పుస్తకం తీసి చదువుకోవడం మొదలుపెట్టాను.

17, ఆదివారం

ఇది వివరంగా రాయాలి.

బావ దూరం బస్సులు నడుపుతాడు. ఇంట్లో కన్నా బస్సులోనే ఎక్కువ ఉంటాడు. ఈసారి కళ్ళజోడు మర్చిపోయాడు. మధ్యాహ్నం బస్సు మా ఊరి బస్‌స్టేషన్లో కాసేపు ఆగుతుంది కాబట్టి, ఇచ్చి రమ్మని అక్క నన్ను పంపింది. ఉడత కూడా వస్తానంది.

బయల్దేరేముందు దానితో ఒప్పందం చేసుకున్నాను. నేనొక గ్లాసు తాగితే అదొక గ్లాసు. నిన్నటి మాట నన్ను గుచ్చుతూనే ఉంది మరి. నేను తాగాను, అది తాగింది. దానికి ఆట అయిపోయింది. ఇంకోటి అంది. నేను వెనక్కి తగ్గలేదు.

బస్సు ఆలస్యమన్నారు. ఇద్దరం సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఉడత కాళ్ళూపుతూ బస్సుల రంగులు చెబుతోంది. కొంతసేపటికి నాకు రంగులు వినబడటం మానేశాయి. కాలు మీద కాలు వేసుకున్నాను. మార్చి వేసుకున్నాను. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేనని తెలిసిపోయింది.

మరుగుదొడ్లు ఆ చివర ఉన్నాయి. ఇలాంటి చోటికి నా అవసరానికి చివరిసారి ఎప్పుడు వెళ్ళానో గుర్తులేదు.

గుర్తులేదని రాశాను. అసలెప్పుడూ వెళ్ళలేదు. కాలేజీలో కూడా.

ఉడతను బెంచీ మీద వదిలి వెళ్ళలేను. "రావే, నాకు అర్జెంటు" అని చెయ్యి పట్టుకున్నాను. గుమ్మం దాకా బాగానే వచ్చింది. ఫినాయిల్ వాసన, తడి నేల, వరుసగా తలుపులు. అక్కడ ఆగింది. నా మొహం చూసి, ఎంతో శ్రద్ధగా రెండు వేళ్ళు చూపించింది.

"నీకు రెంటికా?" అన్నాను.

"ఊఁ. నీక్కూడా."

"నాకు ఒంటికేనే తల్లీ. త్వరగా రా."

"ఒంటికైతే నేనెలా రాను?" అంది. నాకేమీ తెలియదన్నట్టు చూసింది. "ఒంటికైతే నువ్వొక్కదానివే వెళ్ళాలి. ఇద్దరం వెళ్తే రెంటికి."

నేను అలాగే నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరో జరగమ్మా అన్నారు. జరిగాను.

"ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వే. ఒంటి అంటే తోడు లేనిది. రెండంటే జంట."

కడుపు పగిలేలా ఉంది. నవ్వితే ఏమవుతుందోనని నవ్వలేను. పాపం, రోజూ ఆయమ్మకు రెండు వేళ్ళు చూపించి తోడు రమ్మని అడిగింది పిల్ల. ఆయమ్మ బకెట్టు నింపింది. డాక్టరమ్మ సిరప్ రాసింది. నేను విభక్తి రాసుకున్నాను.

"సరే, రెంటికే వెళ్దాం పద" అన్నాను.

వెంటనే వచ్చేసింది.

లోపల గడియ పడలేదు. ఉడత తలుపుకు వీపు ఆనించి, రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నిలబడింది. "నేను పట్టుకున్నాలే" అంది. దాని బలమెంత, ఆ తలుపు బరువెంత. కానీ నాకెందుకో ధైర్యంగా అనిపించింది. తర్వాత నేను తలుపు పట్టుకున్నాను, అది వెళ్ళింది. చాలాసేపు వెళ్ళింది. మధ్యలో తలెత్తి అడిగింది.

"పిన్నీ, పిట్ట ఇంకా తొర్రలోనే ఉందా?"

సెలవుల నుంచి ఆ పిట్టను చీకట్లోకి పంపి, మంచి ముగింపు కోసం వెతుక్కుంటున్నాను. ఆ పిట్ట బయటికి రాలేదు కాబట్టే ఇదీ లోపలికి పోలేదు.

"లేదే, ఇంకో పిట్ట వచ్చింది."

"వచ్చి?"

"తొర్ర దగ్గర నిలబడి తలుపు పట్టుకుంది."

"తొర్రకి తలుపుండదు పిన్నీ" అంది. కొంచెం ఆలోచించి, "రెక్క అడ్డం పెట్టిందేమో" అంది.

అదే ముగింపు. ఇన్ని నెలలు నాకు దొరకనిది, బస్‌స్టేషన్ మరుగుదొడ్లో దొరికింది.

బావ బస్సు వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని మమ్మల్ని చూసి మురిసిపోయాడు. ఉడత గొప్పగా చెప్పింది, "నాన్నా, నేనూ పిన్నీ రెంటికి వెళ్ళొచ్చాం."

బావ మొహం మారిపోయింది. "ఇద్దరికీనా? ఏం తిన్నారు?" అంటూ మందుల దుకాణం కోసం అటూఇటూ చూశాడు. చెప్పేలోపు వెనక బస్సువాళ్ళు హారన్ కొట్టారు. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి, ఉప్పూ పంచదారా కలిపి తాగమని అరుస్తూనే ఉన్నాడు.

18, సోమవారం

రాత్రే అక్కకు చెప్పాను. అక్క మొదట నవ్వింది. తర్వాత సిరప్ సీసా తీసి, అటువైపే తిరిగి పై అరలో పెట్టింది. "అంత చక్కగా అడిగింది కదే" అంది. ఎవరితో అందో తెలియదు.

ఈరోజు ఆయమ్మకు చెప్పాను. మొదట ఒప్పుకోలేదు. ఒంటికి అంటే ఒంటికే కదమ్మా, పుట్టినప్పటి నుంచి అంటున్నాం, ఎవరూ భయపడలేదే అంది. తర్వాత బకెట్టు గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇకమీదట ఇద్దరిద్దర్ని పంపుతానంది. ఒకరు లోపల, ఒకరు గుమ్మం దగ్గర. మా ఉడతకు జోడుగా, ఎప్పుడూ ఒక చెప్పు పోగొట్టుకునే పిల్లను పెట్టింది.

"మరి నిజంగా రెంటికి వస్తే ఎలా తెలుస్తుందమ్మా నాకు?" అని అడిగింది.

ఉడతే చెప్పింది. మూడు వేళ్ళు.

20, బుధవారం

సీసా సగం.

చెప్పు పోగొట్టుకునే పిల్ల ఈరోజు రెండు చెప్పులతోనే ఇంటికి వెళ్ళిందట. ఉడత గుమ్మం దగ్గర కాపలా కాసిందట.

22, శుక్రవారం

సీసా ఖాళీ. అక్క మూత తీసి బోర్లించింది. ఒక్క చుక్క రాలింది. అరచేతిలో పట్టుకుంది.

25, సోమవారం

ఉడతకు మూత్రం పరీక్ష చేయించాం. ఏ దోషమూ లేదు. అక్క తన ల్యాబులోనే చేయించింది. కాగితం వేరేవాళ్ళు చదివితే నమ్మనని, తనే రెండుసార్లు చదువుకుంది. రాజీనామా సంగతి నన్ను అడగలేదు. నేనూ గుర్తుచేయలేదు. "గౌరవనీయులైన" అన్న కాగితం వెనక ఉడత రెండు పిట్టల బొమ్మ వేసింది. ఒకదానికి రెక్క మరీ పెద్దది.

26, మంగళవారం

కాలేజీకి నీళ్ళ సీసా తీసుకెళ్ళాను. రెండో పీరియడ్ అయ్యేసరికి సగం తాగాను. మధ్యాహ్నానికి ఇక తప్పదు. మా వరండా చివర ఉన్న ఆ గదుల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చాను. గడియ పడుతుందో లేదో.

లైబ్రరీలోకి వెళ్ళాను. ముందు బల్ల అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని ఉంది. కాలు మీద కాలు వేసుకుంది. మార్చి వేసుకుంది. పుస్తకంలో పేజీ మాత్రం తిప్పలేదు. ఇన్నాళ్ళూ దీన్నా నేను ఏకాగ్రత అనుకున్నాను?

వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. ఇన్ని రోజులుగా పోగేసిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. రెండు వేళ్ళు చూపించాను.

ఆమె వేళ్ళ వైపు చూసింది. నా వైపు చూసింది. చాలా మెల్లగా అడిగింది, "రెంటికా?"

"కాదు. ఇద్దరం."

పుస్తకం మూసి, లేచింది.